ఏ పక్కకు తిప్పినావు?

రాప్తాడు దాటగానే హైవే పక్కన మా కమాన్ల షెడ్డు ఉంది. లారీ బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలను ఈ పక్క కమాన్లంటారు. వాటిని విప్పి, కాల్చి, వంచి, మళ్లీ కట్టడం నా పని. నిన్న పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి ఎదురుగా కరెంటు స్తంభానికి ఎవరో ఒక ఫ్లెక్సీ కట్టి పోయారు. ఆయన బొమ్మ. తెల్లచొక్కా, చల్లని నవ్వు, చుట్టూ పూలదండ. కింద పెద్ద అక్షరాలతో 'మృదుస్వభావి, అజాతశత్రువు' అని రాసి ఉంది.

నేను బడిలో కూర్చున్నవాణ్ణి కాను. లారీల వెనక రాతలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. అట్లా కష్టపడి నేర్చుకున్న చదువు కాబట్టి రాసిన ప్రతి మాటనూ నమ్మి చదువుతాను. అబద్ధం రాస్తే ఒళ్లు మండుతుంది. ఆయన మృదుస్వభావి అట! రాసినవాడు ఆయన కారులో ఒక్కసారైనా కూర్చున్నాడా అని అడగాలనిపించింది.

టీ అంగడి దగ్గర కూడా ఇదే మాట. గ్లాసులు కడుగుతూ అంగడాయన అన్నాడు:

"పాపం తాతా, మంచిమనిషి. ఆయన పెండ్లాం, ఆయమ్మ గూడా ఎంత సేవ చేసింది! నడుము ఇరిగిన మనిషిని ఆస్పత్రికి తిప్పింది గదా, కార్లో ఒక్క కుదుపు తగలనీలేదంట."

"నిజమే," అన్నాను.

నిజమే అది. నా కళ్లతో చూశాను. అయితే ఆ నిజానికి ఇంకొక పక్క ఉంది. చచ్చినవాళ్ల గురించి మంచే చెప్పుకోవాలని ఒక మర్యాద ఉంది కదా, దాని చాటున చాలామంది తప్పించుకు పోతున్నారు. ఈయన అట్లా తప్పించుకోవడానికి వీల్లేదు. పేరు మాత్రం రాయను. పేరు ఫ్లెక్సీ మీద ఉంది, చాలు.

ఆయన్ని తలచుకుంటే నాకు మొదట కనబడేది మొహం కాదు, అరచెయ్యి. మడకశిర పక్క క్వారీల నుంచి రాయి తోలే లారీలు ఉండేవి ఆయనకు. వాటి కమాన్లు విరిగితే నా దగ్గరికే వచ్చేవి. లారీతో పాటు ఆయనా వచ్చేవాడు. వచ్చి ఊరికే నిలబడేవాడు కాదు. షెడ్డులో ఏ బండి ఉంటే దాని మడ్గార్డు మీద అరచెయ్యి పెట్టి కిందికి నొక్కి, చటుక్కున వదిలేసి, అది ఎట్లా లేస్తుందో తల వంచి చూసేవాడు. "మెత్త" అనేవాడు. లేదంటే "గట్టి" అనేవాడు. అంతే.

మనుషుల్ని కూడా అట్లాగే నొక్కేవాడు. ఎదుటివాడు మాట్లాడుతూ ఉంటే భుజం మీద చెయ్యి వేసేవాడు. చూసేవాళ్లకు అది ఆప్యాయత. ఆ చెయ్యి కొద్దికొద్దిగా బరువెక్కేది. ఎదుటివాడు మాట మానకుండానే కొంచెం వంగేవాడు, ఇంకొంచెం వంగేవాడు. ఒక డ్రైవరు, భార్యకు జ్వరమని సెలవు అడుగుతూ, చివరికి దాదాపు నేలమీద కూర్చున్నంత పని చేశాడు. ఆయన నవ్వుతూ చెయ్యి తీసేసి, "మెత్తప్పా నువ్వు" అన్నాడు. సెలవు ఇచ్చాడా అంటే, ఇవ్వలేదు.

నా భుజం మీద కూడా ఒకసారి వేశాడు. నేను పక్కకు తీసి పెట్టాను. ఆయనకు కోపం రాలేదు. కోపం ఆయనకు వచ్చేది కాదు.

"నువ్వు గట్టోనివి పెద్దాయనా," అన్నాడు. "గట్టిగుండే పట్టీని వంచాలంటే ఏం జేస్తావు నువ్వు?"

"కొలిమిలో పెడతాను."

"అదీ," అని నవ్వాడు.

తరువాత ఆయనకు జర్మనీ కారు వచ్చింది. దాని బలం గురించి నేను చెబితే మీరు నమ్మరు. కాలు ఆనిస్తే చాలు, మెడ వెనక్కి పోయేది. కొత్తబండికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు కదా, ఆ కారు నిమ్మకాయ తొక్కిన వేగానికి పూజారి హారతిపళ్లెంతో సహా గోడకు అతుక్కుపోయాడని ఆయన డ్రైవరు చెప్పి నవ్వేవాడు.

ఆ కారు కొన్న కొత్తలో ఒకరోజు నాలుగు అట్టపెట్టెలు వేసుకుని షెడ్డుకు వచ్చాడు. విప్పితే లోపల మెరిసిపోయే సామాను. స్ప్రింగు, దాని కడుపులో షాకబ్జరు, రెండూ కలిపి ఒకే కడ్డీగా ఉన్నాయి. ఎత్తు తగ్గించుకోవడానికి మరలున్న రింగు. అడుగున, బొటనవేలంత చిన్న నాబ్. ఇవి కాక గట్టి రబ్బరు బుష్షులు, కారు ఒరగకుండా పట్టుకునే లావుపాటి అడ్డకడ్డీ.

"బెంగళూరులో బిగిస్తారు గదప్పా ఇట్లాంటివి, నా దగ్గరికెందుకు?" అన్నాను.

"ఆడ లోపలికి రానీరు. అద్దం ఎనక కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. నేను దగ్గరుండి చూడాల."

"కంపెనీవాళ్లు పెట్టినవి బాగనే ఉండాయి. ఇవెందుకు?"

"రేసు ట్రాక్‌కు పోతాండా, తమిళనాడుకు. ఆడ దుడ్లు కడితే ఎవురి కారు వాళ్లు తోలుకోవచ్చు. మలుపులో కారు ఒరగకూడదు. ఒరిగితే టైరు పట్టు పోతాది."

"ఎప్పుడెప్పుడు పోతావు?"

"ఏడాదికి ఒకసారి. బుద్ధి పుడితే ఇంకోసారి."

"మిగతా దినాలన్నీ ఈడ మన గుంతల్లో తిరగాల గదా! ఒక్క దినం సంబరానికి ఏడాదంతా నడుము ఇరగ్గొట్టుకుంటావా?"

ఆయన సంతోషపడ్డాడు. అడగవలసిన ప్రశ్న అడిగానన్నట్టు నా వంక చూసి, నాబ్ మీద వేలు పెట్టాడు.

"దానికే ఇది. ఎడమకు తిప్పితే మెత్త, రోడ్డుకు. కుడికి తిప్పితే గట్టి, ట్రాక్‌కు."

బిగించాను. మంచి సామాను. అది తయారు చేసినవాడికి దండం పెట్టాలి. కారును కిందికి దించాక ఆయన జేబులోంచి చేతిరుమాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, నేలమీద పరిచి, దానిమీద మోకాలు ఆనించి కూర్చున్నాడు. తెల్లప్యాంటుకు మరక అంటకూడదు. చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి నాబ్ తిప్పాడు. టిక్, టిక్, టిక్. ఆ శబ్దానికి కళ్లు మూసుకున్నాడు.

"ఇన్నావా? ఎడమకు తిప్పినా ఇదే శబ్దం, కుడికి తిప్పినా ఇదే. లోపల కూర్చున్నోనికి ఏ పక్క అనేది తెల్దు. మొదటి గతుకులో తెలుస్తాది."

కొత్త వస్తువు దొరికిన మురిపెం అనుకున్నాను. కాదని తెలుసుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఆయన దగ్గర ఒక గుమాస్తా ఉండేవాడు. మూలశంక మనిషి. కుర్చీలో కూడా ఒక పక్కకు ఒరిగి కూర్చునేవాడు. పదిమందిలో ఉన్నప్పుడు ఎవరో కారును పొగుడుతూ ఉంటే ఈ అమాయకుడు నోరు జారాడు. "కారు మంచిదే గానీ సార్, ఎక్కితే ఆటో లాగుండాది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ వారంలోనే గుమాస్తాను యాడికి అనే ఊరికి తీసుకుపోయాడు. తానే తలుపు తీసి పట్టుకుని, "కూర్చోప్పా, నీళ్లు కావాల్నా" అని అడిగి, వెనక సీట్లో కూర్చోబెట్టి, రుమాలు పరిచి, నాలుగు చక్రాల దగ్గరా మోకాలు ఆనించాడు. ఆ దారి ఎట్లా ఉంటుందో ఈ పక్కవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆ కథ ఆయనే వచ్చి నాకు చెప్పాడు. చెబుతూ కళ్లనీళ్లు వచ్చేటట్టు నవ్వాడు.

"నిలబడి తిన్నాడప్పా సంగటి! కూర్చోమంటే కూర్చోలేదు. గోడకు ఆనుకోని, నిలబడి!"

"మనిషివేనా నువ్వు?" అన్నాను.

"కూర్చున్నోనికి రోడ్డు తెలియాల పెద్దాయనా," అన్నాడు. ఈ మాట ఆయన చాలాసార్లు అనేవాడు. రోడ్డు గురించి ఏదో గొప్ప సంగతి కనిపెట్టినట్టు అనేవాడు.

దానికి మెరుగులు కూడా దిద్దుకున్నాడు. ముందు చక్రాలవి ఎడమకు, వెనకవి కుడికి. ముందు చక్రం గతుకెక్కి దిగేటప్పుడు మెత్తగా ఉంటుంది. లోపలివాడు బిగపట్టిన ఊపిరి వదులుతాడు. సరిగ్గా అప్పుడు వెనక చక్రం ఎక్కుతుంది. ఇది చెప్పేటప్పుడు ఆయన ఒక అరచేతిలో రెండో చేతి పిడికిలితో ఒక్కటి వేసుకునేవాడు. "ఆ మొగం అద్దంలో చూడాలప్పా!"

ఆ కారెక్కినవాళ్లందరూ ఎక్కగానే మాటలు ఆపేసి చెవులు రిక్కించడం నేర్చుకున్నారు. ఆయన వంగితే టిక్ టిక్ వినబడేది. పైకి లేచి రుమాలు దులిపేవాడు. "పోదామా?" అని ఎంతో మర్యాదగా అడిగేవాడు. తిట్టడు, కొట్టడు, గొంతు పెంచడు. ఫ్లెక్సీ రాసినవాడికి ఆ మర్యాదే కనబడి ఉంటుంది.

మరి ఆ ట్రాక్ మీద ఆయన ఏం పొడిచాడంటే, అది కూడా చెప్పాలి. తోడు పోయి వచ్చిన డ్రైవరు నా షెడ్డులో కూర్చుని చెప్పాడు.

"మలుపు ఇంకా యాడనో ఉంటాది, ఈయప్ప ఈడనే బ్రేకు తొక్కుతాడు. ఎనకొచ్చేటోళ్లు లైట్లు కొట్టి కొట్టి దారి అడుగుతారు. ఈయప్ప దారిచ్చేదానికి గూడా బయపడతాడు. దిగినాంక చూసినా, చొక్కా అంతా తడుపు."

అన్ని గట్టి స్ప్రింగుల నడుమ మెత్తని వస్తువు ఆయన ఒక్కడే. అక్కడినుంచి వచ్చిన వారంలో ఎవరో ఒకరిని కారెక్కించేవాడు. ఎవరూ దొరక్కపోతే ఇంట్లో భార్య ఉంది.

ఆమె పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కారు ఆగితే అద్దంలోంచి "బాగుండావా చిన్నాయనా" అని పలకరించేది, అంతవరకే. ఒక ఏడు ఆమెకు అనంతపురంలో ఆపరేషన్ అయింది. గర్భసంచి తీసేశారు. ఇంటికి పంపించే రోజు వార్డులో తన అన్నతో ఆమె ఒక మాట అంది. "ఆ కారు వద్దన్నా. కుట్లు పచ్చిగుండాయి. ఆటోలో పోతాం, నిదానంగా." ఆయన తలుపు దగ్గరే నిలబడి విన్నాడు. నవ్వుతూ ఆమెను చెయ్యి పట్టి నడిపించుకొచ్చి కార్లో కూర్చోబెట్టాడు. అన్నగారు కూడా సంతోషపడి ఇంటికి పోయాడు.

కారు నా షెడ్డు ముందుకు వచ్చి ఆగింది. ఇదంతా ఆయనే నాకు చెప్పాడు, కారు దిగి, రుమాలు మడత పెడుతూ, ఆమె వింటూ ఉండగానే. ఆమె వెనక సీట్లో ఉంది. తువ్వాలు మడిచి పొట్టమీద పెట్టుకుని, రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ఆయన వంగి చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. టిక్, టిక్, టిక్. ఆమె అద్దం దగ్గరికి మొహం తెచ్చింది.

"చిన్నాయనా, ఏ పక్కకు తిప్పుతాండాడు?"

నేను చూస్తూనే ఉన్నాను. మణికట్టు కుడికి తిరుగుతూ ఉంది.

"కుడికమ్మా," అన్నాను. "దిగు తల్లీ. ఆటో పిలిపిస్తా."

ఆమె తలుపు గుంజింది. లోపలినుంచి రాలేదు. ఆయన తాళం వేసే దిగాడు. నేను బయటినుంచి పట్టుకుని గుంజాను, రాలేదు. ఆయన తొందర పడలేదు. నాలుగో చక్రం కూడా పూర్తిచేసి, లేచి, రుమాలు దులిపి జేబులో పెట్టుకున్నాడు.

"ఏమప్పా పెద్దాయనా, మొగుడూ పెండ్లాల నడుమ నీదేం యవారం? ఆటో గావాలంది. కారునే ఆటో జేసినా. తప్పేముండాది?"

నేను కారుకు అడ్డంగా నిలబడ్డాను. వెనక్కి తీసి పక్కనుంచి పోయాడు. చేతిలో పానా ఉంటే విసిరాను. వెనక బంపరుకు తగిలి గీత పడింది. అద్దానికి తగిలి ఉంటే బాగుండేదని ఈ రోజుకూ అనుకుంటాను. షెడ్డు ఎదురుగా బడిపిల్లల కోసం రోడ్డుకు అడ్డంగా స్పీడ్ బ్రేకరని వేసిన పెద్ద గతుకు ఉంది. ఆ గతుకు దగ్గర ఆయన వేగం తగ్గించలేదు. ఆమె గొంతు నేను ఎప్పుడూ గట్టిగా విన్నది లేదు. ఆ రోజు విన్నాను.

ఇల్లు చేరకముందే కుట్లు తెగాయి. మళ్లీ అదే ఆస్పత్రికి తెచ్చారు. ఈసారి వేరే బండిలో. ఆమె చాలాకాలం మంచంమీదే ఉందని డ్రైవరు చెప్పాడు.

కొన్నాళ్లకు ఆయన షెడ్డుకు వచ్చి బంపరు చూపించాడు. "నీ పానా గీత అట్లనే పెట్టుకున్నా, గుర్తుకు," అన్నాడు. నేను ఆ కారు కింద మళ్లీ జాకీ పెట్టనని చెప్పేశాను. "నీ ఇష్టం" అని, పోతూ పోతూ నా భుజం మీద చెయ్యి వేయబోయి, ఎందుకో మానుకున్నాడు.

ఇక ఆయన నడుము సంగతి.

ఈ సీమలో వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. వేరుశనగ ఎండిపోయాక ఆలస్యంగా నాలుగు చినుకులు పడితే ఉలవ చల్లుతారు. అది కోతకు వచ్చాక నూర్పిడికి కళ్లం ఎక్కడుంది? తారురోడ్డే కళ్లం. కోసిన ఉలవకట్టెను కాయలతో సహా రోడ్డుమీద పరిచి పక్కన నిలబడతారు. వచ్చేపోయే బస్సులు, లారీలు తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది. ఆడవాళ్లు కట్టె విదిలించి, గింజలు ఊడ్చుకుంటారు. బండ్లవాళ్లు తిట్టుకుంటూనే నిదానంగా తొక్కి పోతారు. ఇది ఇక్కడ అందరూ ఒప్పుకున్న పద్ధతి.

ఆయన ఒప్పుకోలేదు. కట్టె కనబడితే ఇంకా గట్టిగా తొక్కేవాడు. ఆడవాళ్లు చేటలు పారేసి కంపచెట్లలోకి దూకితే ఆయనకు అదొక వినోదం. నడుము విరిగిన రోజు ట్రాక్‌నుంచి ఒంటరిగా తిరిగి వస్తున్నాడు. నాబులు కుడివైపే ఉన్నాయి. టైర్లు కూడా ట్రాక్‌వే, నున్ననివి. మడకశిర దారిలో ఒక మలుపు దగ్గర ఉలవ పరిచి ఉంది.

ఉలవగింజ ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. ఎండితే రాయి. అది చక్రం కింద పడితే నేలమీద గోళీలు పోసినట్టే. మెత్తని కారయితే చక్రం గతుకులోకి దిగి నేలను పట్టుకుంటుంది. గట్టి కారు నేలను పట్టుకోదు, ఎగురుతుంది. అన్ని దుడ్లు పోసి కొన్న సామాను, ఏ మలుపు కోసం కొన్నాడో ఆ మలుపులోనే ఆయన్ని వదిలేసింది. కారు జారి, తిరిగి, కల్వర్టు గోడకు పక్కవాటుగా కొట్టుకుంది.

బయటికి లాగింది ఆ ఆడవాళ్లే. కంపలో దూకినవాళ్లు, ముళ్లు పీక్కోకుండానే వచ్చి లాగారు. అందులో ఒకామె తరువాత మా పక్క సంతలో కనబడి చెప్పింది.

"మెల్లగా రాకూడదా సామీ, మా గింజలన్నీ మట్టిపాలు జేస్తివి గదా అంటే, అప్పుడు గూడా నవ్వబోయినాడన్నా. నవ్వు రాల్యా."

వేరే బండి దొరక్క ఆయన్ని ట్రాక్టరు ట్రాలీలో గోనెపట్టల మీద పడుకోబెట్టారు. ట్రాలీకి కమాన్లు ఉండవు. ఇరుసు మీద నేరుగా రేకు. ఆయన గుంత గుంతకూ అరిచాడట. "కుదపొద్దప్పా, నీ కాళ్లు మొక్కుతా, మెల్లగా పోనీ" అని ట్రాక్టరు వాణ్ణి బతిమాలాడట.

"ఇంతకంటే మెల్లగా పోతే ఆగిపోతాది సామీ," అన్నాడట వాడు. "దీనికి స్ప్రింగులు ల్యా. ఉండేది ఇంతే."

అది విన్నప్పుడు నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే నేను కూడా ఫ్లెక్సీ రాసినట్టే.

కాళ్లు పడిపోయాయి. నడుములో నొప్పి మాత్రం పడిపోలేదు. చీమంత కుదుపు తగిలినా వెన్నులో కత్తి దిగినట్టు ఉండేదట. కారును బెంగళూరులో బాగు చేయించారు. అమ్మేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. అంబులెన్సు ఇంటిముందుకు వస్తే ఊరంతా చూస్తుందని దాన్ని రానివ్వలేదు. వెనక సీట్లో పడి ఉండైనా తన కారులోనే పోవాలి. డ్రైవరు ఎప్పుడో మానేసి పోయాడు. కాబట్టి భార్య డ్రైవింగు నేర్చుకుంది.

ఒకరోజు ఆమె ఒక్కతే ఆ కారులో నా షెడ్డుకు వచ్చింది.

"చిన్నాయనా, ఆ నాబ్ నాకు చూపించు."

చూపించాను. ఎడమకు మెత్త, కుడికి గట్టి. ఆమె మడిచిన తువ్వాలు ఒకటి నేలమీద వేసి, మోకాలు ఆనించి, చెయ్యి లోపలికి పోనిచ్చింది. ఆ తువ్వాలును నేను గుర్తుపట్టాను. మొదట వేళ్లకు అందలేదు. తరువాత అందింది. ఆ శబ్దాన్ని చాలాసేపు విన్నది. లేచి, "చాలు చిన్నాయనా" అని వెళ్లిపోయింది.

ఆ తరువాత అనంతపురం ఆస్పత్రినుంచి తిరిగి వచ్చినప్పుడల్లా కారు నా షెడ్డు ముందు ఆగేది. అదే చోట. ఆమె దిగేది. తువ్వాలు పరిచేది. వెనక సీట్లో ఆయన, చుట్టూ దిండ్లు, పట్టీలతో కట్టిన నడుము. మనిషి సగమయ్యాడు. అరచేతులు మాత్రం అంతే ఉన్నాయి, రెండు పక్కలా సీటును నొక్కి పట్టుకుని.

టిక్, టిక్, టిక్.

"యామ్మే," అనేవాడు లోపలినుంచి. "ఏ పక్కకు తిప్పినావు?"

ఆమె జవాబు చెప్పేది కాదు. రెండో చక్రానికి పోయేది. టిక్, టిక్.

"నిన్నే. ఏ పక్కకు?"

మూడో చక్రం. గొంతు మారేది. "నిన్ను ఏమన్నా అంటి గదా అప్పుడు, మనసులో పెట్టుకోవద్దు. చెప్పు. ఏ పక్కకు?" నాలుగో చక్రం.

నేను కమాన్ కట్ట మీద సుత్తి ఆపి చూస్తూ ఉండేవాణ్ణి. ఆమె ప్రతి నాబ్‌నూ ముందు కుడికి చివరిదాకా తిప్పేది. తరువాత ఎడమకు చివరిదాకా తిప్పేది. అక్కడ ఆపేది. ప్రతిసారీ, నాలుగింటినీ, మెత్తలోనే ఆపేది. ఒక్కసారి కూడా తప్పలేదు. అవి అంతకుముందు కూడా మెత్తలోనే ఉన్నాయి. ఆమె దిగవలసిన పనే లేదు.

ఒకసారి ఆయన నా వైపు తిరిగాడు. మెడ కూడా సరిగా తిరగదు, కళ్లే తిరిగాయి.

"పెద్దాయనా. నువ్వు చూసినావు గదప్పా. చెప్పు. నీకు దండం పెడతా, చెప్పు."

ఆమె అడిగిన రోజు నేను దాచకుండా చెప్పాను. ఈయనకు ఎందుకు చెప్పాలి?

"నాకు కళ్లు ఆనడం లేదప్పా," అన్నాను. "ముసలోణ్ణి గదా."

ఆ మాట అన్నందుకు నాకు ఈ రోజుకూ చింత లేదు.

చివరిసారి వాళ్లు వచ్చింది మొన్నటి ఎండాకాలంలో. ఆమె చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వచ్చింది. నాకే ఎందుకో తోచి మెల్లగా అన్నాను:

"మెత్తగానే పెడతాండావు గదమ్మా. ఆ మాటొకటి చెప్పేస్తే పోతాది గదా."

ఆమె నీళ్లు చల్లుకుని, తువ్వాలు మడత పెట్టింది. అంచుకు అంచు సరిగ్గా కలిపి, నిదానంగా.

"నేను మెత్తగానే తీసకపోతాండా చిన్నాయనా. ఒక్క కుదుపు తగలనీల్యా. ఇంగేం జేయాల నేను?"

"అడుగుతాండాడు గదా తల్లీ."

"అడిగితే చెప్పేది ఆ ఇంట్లో నాకెవురూ నేర్పలేదు," అంది.

పోయి కారులో కూర్చుంది. ఆయన అప్పటికే అడగడం మానేసి ఏదో గొణుక్కుంటున్నాడు. కారు మెల్లగా కదిలి రోడ్డెక్కింది. ఎదురుగా బడి ముందర ఆ గతుకు. దానికి ఈ మధ్యే పసుపు చారలు కొట్టారు, దూరంనుంచి కూడా బాగా కనబడుతుంది. ఆమె వేగం తగ్గించింది, ఇంకా తగ్గించింది, పక్కన నడిచిపోయే మనిషి దాటిపోయేంతగా.

కారు గతుకు దగ్గరికి చేరకముందే ఆయన అరిచాడు.

ముందు చక్రాలు గతుకెక్కాయి. దిగాయి. కారు పడవలాగా ఒకసారి ఊగి సర్దుకుంది. డాష్‌బోర్డు మీది వినాయకుడి మెడలో పువ్వు కూడా కదిలి ఉండదు. అయినా అరుపు ఆగలేదు, ఇంకా పెరిగింది. ముందువి మెత్తగా పెట్టి వెనకవి గట్టిగా పెట్టవచ్చునని ఈ లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే కదా.